బిగువైన, పొడి డిస్టార్షన్ కావాలంటే గిటార్ ఆంప్ ఎలా ఎంచుకోవాలి?

నల్లగొండలో, పాలమూరులో, చుట్టుపక్కల టౌన్లలో మెటల్ రిఫ్‌లు (పాటలో పదేపదే తిరిగొచ్చే చిన్న గిటార్ వరసలు) వాయించే పిల్లలు ఇప్పుడు కనబడుతున్నారు. చాలామంది గిటార్ పట్టింది చర్చిలో. పాటలకు కార్డ్స్ వాయిస్తూ వాయిస్తూ, ఫోన్‌లో ఎక్కడో ఒక బరువైన రిఫ్ విని, ఆ శబ్దం తమ చేతుల్లోంచి కూడా రావాలని తపన పడేవాళ్లు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నాలుగైదు ఆంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్లు) పక్కపక్కన పెట్టుకుని వాయించి చూడాలంటే మనకు హైదరాబాదే దిక్కు. వంద కిలోమీటర్లు పోయి, దుకాణంలో దొరికే కాసేపట్లో తేల్చుకోవాలి. అందుకని ఏం వినాలో, ఏం అడగాలో ఇంట్లోనే అనుకుని బస్సెక్కాలి.

ముందు, కావలసిన శబ్దం ఏదో చెవికి తెలియాలి

బిగువు, పొడి అంటే ఏమిటో మన ప్రాంతం వాళ్లకు డప్పు ఎప్పుడో నేర్పింది. కాచకముందు దెబ్బ వేస్తే చర్మం బుస్సుమంటుంది, మోత సాగుతుంది. మంట దగ్గర కాచి బిగించాక సిర్ర పడగానే ఠక్కున మోగి అక్కడే తెగిపోతుంది. తర్వాతి దెబ్బకు దారి ఖాళీగా ఉంటుంది. హై గెయిన్ (సిగ్నల్‌ను బాగా పెంచి డిస్టార్షన్ ఎక్కువ చేసే) గిటార్‌లో మనం వెతుకుతున్నది ఆ కాచిన శబ్దాన్నే. అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) మీద ఆనించి, పామ్ మ్యూట్‌తో లావు తీగను వేగంగా కొడితే ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించాలి. చెయ్యి ఆగిన క్షణంలో శబ్దం ఆగాలి. మధ్యలో నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉండాలి.

వదులుగా, పరుచుకుని మోగే డిస్టార్షన్ తప్పేమీ కాదు. నెమ్మదిగా సాగే డూమ్ సంగీతానికి ఫజ్ పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) ఇచ్చే ఆ వదులే ప్రాణం. కాకపోతే అది వేరే దారి, దాని ఆంప్‌లు వేరు. థ్రాష్, డెత్ మెటల్, వేగంగా తెగే ఆధునిక రిఫ్‌లు కావాలనుకునేవాళ్లకు కింద చెప్పేది పనికొస్తుంది.

బిగువు పుట్టే చోటు: డిస్టార్షన్‌కు ముందు బేస్ కోత

మొత్తం విషయంలో ఇదే కీలకం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

డిస్టార్షన్ అంటే సిగ్నల్‌ను దాని హద్దు దాటించి, పైనా కిందా తెగ్గోయడం. మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. డ్రాప్ బీకి, అంటే లావు తీగను బీ స్వరం దాకా వదులు చేసే ట్యూనింగ్‌కు, దించితే 62 హెర్ట్జ్. ఈ తక్కువ ఫ్రీక్వెన్సీల అలలు పెద్దవి. అవి కోత లేకుండా గెయిన్ స్టేజ్‌లోకి పోతే హద్దునంతా అవే ఆక్రమిస్తాయి, పైనున్న స్వరాలను తమతో పాటే నలిపేస్తాయి. చెవికి వినిపించేది ముద్ద. అదే బేస్‌ను, అంటే ఆ కింది శబ్దాన్ని, ముందుగా కొంత కోసి, మిగిలినదాన్ని డిస్టార్ట్ చేసి, ఆ తర్వాత కావలసినంత బేస్ తిరిగి కలిపితే దెబ్బ గట్టిగా ఉంటుంది, అంచు తెగినట్టు ఉంటుంది. బరువు కూడా పోదు.

మంచి హై గెయిన్ ఆంప్‌లన్నీ ఏదో ఒక పద్ధతిలో ఈ పనే చేస్తాయి. పాత ఫెండర్ క్లీన్ ఆంప్‌లలో మొదటి ట్యూబ్ (సిగ్నల్‌ను పెంచే గాజు వాల్వు) కాథోడ్ దగ్గర 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, అది బేస్‌నంతా పూర్తి బలంతో లోపలికి వదిలేస్తుంది. క్లీన్‌కు అది అందం. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800 2203లో అదే చోట 0.68 మైక్రోఫారడ్ ఉంటుంది. మొదటి మెట్టులోనే కింది భాగం పలచబడుతుంది. మెసా బూగీ మార్క్ వరుస ఆంప్‌లలో బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు గెయిన్‌కు ముందే ఉంటాయి. అందుకే వాటి మీద బేస్‌ను దాదాపు సున్నా దగ్గర పెట్టి, డిస్టార్షన్ తర్వాత వచ్చే ఐదు స్లయిడర్ల ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీ భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే అమరిక) కింది బరువును తిరిగి తెస్తారు. మెటాలికా బ్యాండ్ రిథమ్ గిటార్ శబ్దం వెనక ఈ అమరికే ఉంది.

ఆంప్‌లో ఈ కోత చాలకపోతే ముందు ఒక పెడల్ పెడతారు. ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ లోపలి సర్క్యూట్ దాదాపు 720 హెర్ట్జ్ కింద ఉన్నదానికి గెయిన్ తగ్గిస్తూ పోతుంది. డ్రైవ్ సున్నాలో, లెవల్ చివరి దాకా, టోన్ మధ్యలో పెట్టి హై గెయిన్ ఆంప్ ముందు తగిలిస్తే వదులుగా ఉన్న ఆంప్ కూడా బిగుసుకుంటుంది. మెసా డ్యుయల్ రెక్టిఫైయర్ లాంటి బేస్ ఎక్కువ ఆంప్‌ల ముందు ఈ పెడల్ పెట్టడం స్టూడియోల్లో మామూలు అలవాటు. ఇదే సర్క్యూట్‌తో చవకగా చేసే పెడల్స్ బోలెడు దొరుకుతాయి. ఆంప్‌కు బడ్జెట్ వేసుకునేటప్పుడే దీనికి కొంత పక్కన పెట్టండి. ఖరీదైన ఆంప్ ఒక్కటే కొనేకన్నా, ఓ మెట్టు తక్కువ ఆంప్, దానికి ఈ పెడల్ కలిపి కొన్నవాళ్లకే ఈ శబ్దం తొందరగా చిక్కుతుందని నా నమ్మకం.

ఆంప్‌ను అనేముందు గిటార్ చూడండి

హమ్‌బకర్ పికప్ (తీగల కదలికను పట్టే, కరెంటు మోతను రద్దు చేసే జంట కాయిల్) తప్పనిసరి. సింగిల్ కాయిల్ పికప్ మన కరెంటులోని 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోతను పట్టుకుంటుంది, హై గెయిన్‌లో అది వందల రెట్లు పెరుగుతుంది. ట్యూనింగ్ దించుతూ 9 గేజ్ సన్న తీగలే ఉంచితే తీగ వదులై ఊగుతుంది, ఏ ఆంప్ కూడా దాన్ని బిగించలేదు. డ్రాప్ సీకి 11 నుంచి 54 దాకా ఉండే సెట్ వేయండి. పికప్ తీగలకు మరీ దగ్గరగా ఉందేమో కూడా చూడండి. స్క్రూ కొంచెం తిప్పి కిందికి దించితే బేస్ తేటపడుతుంది, ఖర్చు లేని పని.

ట్యూబా, సాలిడ్ స్టేటా, మోడలింగా

ట్యూబ్ ఆంప్ గాజు వాల్వులతో, సాలిడ్ స్టేట్ ఆంప్ ట్రాన్సిస్టర్లతో నడుస్తుంది, మోడలింగ్ ఆంప్ వేరే ఆంప్‌ల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరిస్తుంది. ట్యూబ్ అయితేనే అసలైన డిస్టార్షన్ అనే మాట మీకు ఎదురవుతూనే ఉంటుంది. పొడి శబ్దం వరకు ఆ మాట నిలవదు. పాంటెరా గిటారిస్ట్ డైమ్‌బ్యాగ్ డారెల్ ఏళ్ల తరబడి వాడింది ర్యాండాల్ సాలిడ్ స్టేట్ ఆంప్‌లనే. ట్యూబ్ ఒక్కటీ లేని ఆ ఆంప్‌ల నుంచి వచ్చిన కోసేసినట్టుండే శబ్దాన్ని ఇప్పటికీ జనం వెతుక్కుంటున్నారు. ట్రాన్సిస్టర్ పవర్ సెక్షన్ (స్పీకర్‌ను నడిపే చివరి భాగం) స్పీకర్ కోన్‌ను గట్టిగా అదుపులో పెడుతుంది. దెబ్బ అయిపోగానే కోన్ ఊగకుండా ఆగుతుంది. మనకు కావలసింది అదే.

ట్యూబ్ ఆంప్ కొనాలనే పట్టు ఉంటే, రెక్టిఫైయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం) ట్యూబ్‌దా సిలికాన్ డయోడ్‌దా అని అడగండి. ట్యూబ్ రెక్టిఫైయర్‌లో గట్టిగా కొట్టినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. బ్లూస్‌కు హాయి, మనకు అడ్డం. ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి పీవీ కంపెనీ 1992లో తెచ్చిన 5150 హెడ్ (స్పీకర్ లేని విడి ఆంప్) 120 వాట్లు, నాలుగు 6ఎల్6 పవర్ ట్యూబ్‌లు, డయోడ్ రెక్టిఫైయర్. తర్వాత 6505 అనే పేరుతో వచ్చింది. మెటల్‌లో ఇది ఒక కొలబద్దగా నిలిచిపోయింది. దాని మీద పై శబ్దాన్ని సర్దే ప్రెజెన్స్‌తో పాటు రెజొనెన్స్ అనే నాబ్ ఉంటుంది, పవర్ సెక్షన్ కింది భాగాన్ని ఎంత వదలాలో అది చెబుతుంది. రెజొనెన్స్, డెప్త్ లాంటి నాబ్ ఉన్న ట్యూబ్ ఆంప్ దొరికితే మంచిది.

మోడలింగ్ ఆంప్‌లు ఇంట్లో వాయించేవాళ్లకు, మొదటిసారి కొనేవాళ్లకు తెలివైన దారి. బాస్ కటానా 50లో 12 అంగుళాల స్పీకర్ ఉంటుంది, పవర్‌ను అర వాట్‌కు దించే స్విచ్ ఉంటుంది, ట్యూబ్ స్క్రీమర్ లాంటి బూస్టర్లు లోపలే ఉంటాయి. రాత్రి పది తర్వాత ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా వాయించుకోవచ్చు.

మన దగ్గర ఇంకొక లెక్క కూడా వేసుకోవాలి. ట్యూబ్‌లు అరుగుతాయి, మార్చాలి, మార్చిన తర్వాత కొన్ని ఆంప్‌లకు బయాస్ (ట్యూబ్‌లో నిలకడగా పారే కరెంటు) సరిచేయాలి. ఆ పని తెలిసిన చేతులు దొరకాలంటే మళ్లీ హైదరాబాదే. సాలిడ్ స్టేట్ ఆంప్ పాడైతే మైక్‌సెట్లు బాగుచేసే మంచి మెకానిక్ చూడగలడు. ఒక జాగ్రత్త: ట్యూబ్ ఆంప్ లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. దాన్ని సొంతంగా విప్పొద్దు, తెలియనివాళ్ల చేత విప్పించొద్దు.

బ్యాండ్‌తో బయట వాయించే అవకాశం ఇంకా రాని వాళ్లకు నా సలహా సాలిడ్ స్టేట్ కానీ మంచి మోడలింగ్ ఆంప్ కానీ తీసుకోమనే.

స్పీకర్, పెట్టె

డిస్టార్షన్ పెడల్ నుంచి వైరు తీసి నేరుగా చర్చి మిక్సర్‌లోకో, బరాత్‌లో వాడే డీజే బాక్సులోకో పెడితే తేనెటీగల గుంపు లాంటి చిర్రుమనే శబ్దం వస్తుంది. పెడల్ తప్పు కాదది. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది, డిస్టార్షన్‌లోని గరుకును అదే వడగడుతుంది. డీజే బాక్సులోని ట్వీటర్ ఆ గరుకునంతా తెచ్చి చెవిలో పోస్తుంది. మిక్సర్‌లోకే పోవాల్సి వస్తే మధ్యలో క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టె, అంటే క్యాబ్ శబ్దాన్ని అనుకరించేది) ఉండాలి. చాలా మోడలింగ్ ఆంప్‌లకు ఆ అవుట్‌పుట్ ఉంటుంది. కొనేముందు ఆ సాకెట్ ఉందో లేదో తప్పకుండా చూడండి, ఎందుకంటే మన ఊళ్లలో స్టేజీ మీద గిటార్ క్యాబ్ దొరకడం అరుదు, సౌండ్ సిస్టమ్ ఎప్పుడూ ఉంటుంది.

పెట్టె వెనక మూసి ఉందా తెరిచి ఉందా చూడండి. వెనక తెరిచి ఉంటే బేస్ పరుచుకుంటుంది. మూసి ఉంటే లోపలి గాలి కోన్‌ను వెనక్కు నెడుతూ అదుపు చేస్తుంది, దెబ్బ సూటిగా ముందుకు వస్తుంది. కాంబో ఆంప్‌లు (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నవి) చాలా వరకు వెనక తెరిచి ఉండేవే. అందుకే కాంబోకు బయటి స్పీకర్ సాకెట్ ఉంటే భవిష్యత్తులో మూసిన 12 అంగుళాల పెట్టె ఒకటి కలుపుకోవచ్చు. స్పీకర్లలో సెలెస్టియన్ వింటేజ్ 30 మిడ్ ముందుకు తెచ్చి రిఫ్‌ను బ్యాండ్‌లో వినిపించేలా చేస్తుంది. జీ12టీ-75 మిడ్ తగ్గి, కింద పైన ఎక్కువగా ఉంటుంది. రెండూ 12 అంగుళాలే అయినా ఒకే ఆంప్‌ను రెండు ఆంప్‌లుగా మార్చేస్తాయి. 6, 8 అంగుళాల స్పీకర్లున్న చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లలో ఈ శబ్దం కోసం వెతకొద్దు.

ట్యూబ్ హెడ్‌కు స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఓమ్‌లు సరిపోవాలి: హెడ్ 8 ఓమ్‌ల మీద ఉంటే పెట్టె కూడా 8. సాలిడ్ స్టేట్ ఆంప్‌కు వెనక రాసిన కనీస ఓమ్‌ల కన్నా తక్కువ తగిలించొద్దు.

ఎన్ని వాట్లు

వాట్లు పదింతలైతే గానీ చెవికి శబ్దం రెట్టింపు అనిపించదు. 50కి, 100కి తేడా 3 డెసిబెల్సే. డ్రమ్మర్ పక్కన వాయించాలంటే 50 వాట్ల సాలిడ్ స్టేట్, 12 అంగుళాల స్పీకర్ నుంచి మొదలుపెట్టండి, 100 ఉంటే నిశ్చింత. చిన్న ట్యూబ్ ఆంప్‌ను చివరిదాకా పెంచితే పవర్ ట్యూబ్‌లు కూడా డిస్టార్ట్ అయి దెబ్బ మెత్తబడుతుంది. ఈ శబ్దానికి పవర్ సెక్షన్ శుభ్రంగా ఉండటమే ముఖ్యం.

కరెంటు సంగతి

మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే ఆంప్‌లు 120 వోల్టులవి. వెనక రాసింది చదవకుండా ప్లగ్ పెట్టొద్దు. వోల్టేజీ మార్చే స్విచ్ లేకపోతే, ఆంప్ తీసుకునే వాట్ల కన్నా ఎక్కువ సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

బోరు మోటార్లు నడిచే వేళ ఊళ్లో వోల్టేజీ పడిపోతే ట్యూబ్ ఆంప్ లోపలి వోల్టేజీ కూడా దానితోపాటే పడుతుంది, శబ్దం వదులవుతుంది. ఆంప్‌కు విడిగా ఒక స్టెబిలైజర్ పెట్టుకోవచ్చు. చదరపు అలల ఇన్వర్టర్ మీద హై గెయిన్ వాయిస్తే జుయ్‌మంటుంది, సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితేనే పనికొస్తుంది.

ఎర్తింగ్ చూపించుకోండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. హమ్ తగ్గుతుందని ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును తీసేసే వాళ్లున్నారు. తీగల మీద చెయ్యి వేసి వాయించేది మీరు, ప్రాణానికే ప్రమాదం. హమ్ వస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించండి.

దుకాణంలో

మీ గిటార్, మీ కేబుల్, ఉంటే మీ పెడల్ తీసుకెళ్లండి. దుకాణంలో గోడకున్న ఖరీదైన గిటార్‌తో వాయిస్తే మీ ఆంప్ ఎట్లా మోగుతుందో తెలియదు. ఒక రిఫ్ ముందే అనుకోండి, ప్రతి ఆంప్ మీద అదే వాయించండి.

రివర్బ్, డిలే అన్నీ ఆపేయండి. అవి పొడిదనాన్ని దాచేస్తాయి. నాబ్‌లన్నీ మధ్యలో, గెయిన్ కూడా మధ్యలో. ఆంప్‌ను నేల మీద ఉంచి నిలబడి వాయిస్తే పై శబ్దం మోకాళ్ల దగ్గరే పోతుంది, స్పీకర్ దాన్ని సూటిగా ముందుకే పంపుతుంది కాబట్టి. స్టూల్ మీద పెట్టించండి, లేదా మీరే కింద కూర్చోండి. ఇంట్లో వాల్యూమ్‌లో చెవి బేస్‌ను తక్కువగా పట్టుకుంటుంది. అందుకే కాసేపైనా గట్టిగా పెట్టి వినాలి, దుకాణం వాళ్లను మొహమాటం లేకుండా అడగండి. రెండు ఆంప్‌లు పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ ఒకటే ఉండాలి, ఎక్కువ గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది.

ఇప్పుడు లావు తీగ మీద పామ్ మ్యూట్, మెట్రోనోమ్‌తో పదహారో భాగాలు (ఒక్కో బీట్‌కు నాలుగు దెబ్బలు), మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోండి. ఏ వేగం దగ్గర దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయో గుర్తు పెట్టుకోండి. ఆ వేగం మీ రిఫ్‌ల వేగం కన్నా పైనే ఉండాలి. మధ్యలో ఒక్కసారిగా ఆపండి. తోక సాగితే గెయిన్ తగ్గించి మళ్లీ చూడండి. తర్వాత ఒక మైనర్ కార్డ్ మొత్తం మోగించి, లోపలి స్వరాలు విడిగా వినిపిస్తున్నాయో చూడండి. ఈ పరీక్షలో ఎక్కువ ఆంప్‌లు తేలిపోతాయి.

గెయిన్ పైకి పెట్టి బేస్ నాబ్‌ను సున్నా నుంచి చివరి దాకా తిప్పండి. డిస్టార్షన్ తీరే మారి వదులవుతుంటే ఆ నాబ్ గెయిన్‌కు ముందు ఉందని అర్థం, దాన్ని తక్కువలో వాడుకోవచ్చు. బరువు మాత్రమే పెరుగుతుంటే గెయిన్ తర్వాత ఉంది, అప్పుడు ముందు పెడల్ అవసరం పడొచ్చు. చివరగా గిటార్ వాల్యూమ్ సున్నాకు దించి, ఆంప్ సొంత ఇస్సుమనే శబ్దం ఎంత ఉందో వినండి. కొంత ఉంటుంది. ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ మధ్యలో పెడల్స్ కలిపే సాకెట్లు) ఉంటే నాయిస్ గేట్‌ను (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే పెడల్) నాలుగు కేబుల్స్‌తో కలిపి గిటార్ హమ్‌ను, ప్రీఆంప్ (ఆంప్ మొదటి భాగం) ఇస్సును రెండింటినీ ఆపొచ్చు. గేట్ నిశ్శబ్దాన్ని ఇస్తుంది, వదులుగా ఉన్న దెబ్బను మాత్రం బిగించలేదు.

ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికొచ్చి తేల్చుకుందామనుకోవద్దు. ఫోన్ మైకు బేస్‌ను తినేస్తుంది, అన్ని ఆంప్‌లూ ఒకేలా వినిపిస్తాయి. కాగితం మీద రాసుకోవడం మేలు.

సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబ్ తిప్పి గరగర ఉందేమో, ప్రతి సాకెట్‌లో జాక్ కదిపి శబ్దం తెగుతోందేమో చూడండి. ట్యూబ్ ఆంప్‌ను కనీసం అరగంట మోగనివ్వండి, వేడెక్కాకే దాని జబ్బులు బయటపడతాయి. నాలుగు స్పీకర్ల పెట్టె 30 కిలోల పైన ఉంటుంది, తిరుగు ప్రయాణానికి బండి ముందే మాట్లాడుకోండి.

ఇంటికి తెచ్చాక

తాండూరు బండల నేల, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు: ఇట్లాంటి గదిలో ఎంత పొడి ఆంప్ అయినా మోత మోగుతుంది. గోడలకు బొంతలు వేలాడదీయండి, మూలలకు దూది పరుపులు చుట్టి నిలబెట్టండి. పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది, డ్రాప్ బీ తీగకు అది బాగా దగ్గర. ఆంప్‌ను మూలలోంచి తీసి గోడకు దూరంగా, స్టూల్ మీద పెట్టండి. రేకుల షెడ్డులో వాయిస్తే రేకులు అదిరే మోత కూడా కలుస్తుంది, దాన్ని ఆంప్ లోపమని పొరపడొద్దు.

బ్యాండ్‌తో మొదటిసారి కూర్చున్నప్పుడు, ఇంట్లో పెట్టుకున్న గెయిన్‌ను ఒక పాయింటు తగ్గించండి, మిడ్ ఒక పాయింటు పెంచండి. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, కిక్ డ్రమ్ బరువు 60 నుంచి 100 మధ్య ఉంటుంది. మిక్సర్‌లో గిటార్ ఛానల్‌కు 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ వేయించి, ఆ కింది చోటును వాళ్లిద్దరికీ వదిలేయండి.